నేను బియ్యం ఏరుతూ ఉన్న మధ్యాహ్నం

మా తమ్ముడు సముద్రం లోపలికి పోయి వచ్చాడు. మా మరదలు విజయ ఫోన్ చేసి ఈ మాట చెప్పినప్పుడు నేను పప్పుకు తాలింపు వేస్తున్నాను. "లోపలికంటే?" అని అడిగాను. "లోపలికంటే లోపలికే వదినా. గోజో అని చిన్న దీవి ఉన్నది, మాల్టా పక్కన, మధ్యధరా సముద్రంల. ఈయన అక్కడ స్కూబా నేర్సుకున్నడు. వీపుకు సిలిండర్ కట్టుకొని, నోట్లె పైపు పెట్టుకొని చేపల నడుమకు పోయొచ్చిండు. అంతా వీడియో తీసిన్రు. ఆదివారం మా అపార్ట్‌మెంటోళ్ళందరికి సూపిస్తుండు. నువ్వు చిన్నమ్మను తోలుకొని రావాలె," అంది. వస్తానన్నాను. తాలింపు మాడిపోయింది. ఆ రోజంతా నా మనసు బాగాలేదు. ఎందుకో నాకు తెలుసు, చిన్నమ్మకు తెలుసు. మిగతా తెలిసినవాళ్ళంతా పోయారు. అందుకే ఇది రాస్తున్నాను.

మా తమ్ముడు చిన్నప్పుడు నర్సిం. ఇప్పుడు నరసింహ సార్. పెద్ద పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరయ్యాడు. రిటైరైనవాళ్ళు పొద్దున్నే పార్కుల్లో నడుస్తారు, యోగా చేస్తారు, మోకాళ్ళ గురించి మాట్లాడుకుంటారు. వీడికి అవేవీ పట్టలేదు. ఈత కొలనులో బ్రహ్మాండంగా ఈదుతాడు, డాక్టర్ చేత సర్టిఫికెట్ రాయించుకుని, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని ఆ దీవికి పోయాడు. పోనీ, సంతోషమే. నాకు కడుపుమంట అది కాదు. వాడు ఎక్కడికి పోయినా, ఏ మైకు పట్టుకున్నా ఒక కథతో మొదలుపెడతాడు. ఆ కథ మళ్ళీ వినాలి, విని నవ్వుమొహం పెట్టాలి. అదీ నా బాధ.

ఆదివారం సాయంత్రం చిల్కానగర్ నుంచి ఆటోలో బయలుదేరాం. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు సత్తెమ్మ. చెవులు సరిగ్గా వినపడవు, నోరు మాత్రం ఇంకా కరకరలాడుతుంది. దారిపొడుగునా మెట్రో స్తంభాల్ని చూసి "గిన్ని కంబాలు నాటిన్రు, ఒక్క చెట్టు నాటలేదు" అంటూనే ఉంది. నాచారం దాటి లోపలికి తిరిగాక వస్తుంది మా తమ్ముడి అపార్ట్‌మెంట్. దాని పేరులో ద్రాక్ష ఉంది. ఒకప్పుడు అక్కడ నిజంగానే ద్రాక్షతోట ఉండేది. ఆ తోటలో ఒక మూల రేకుల గదిలో మేముండేవాళ్ళం. మా తమ్ముడికి ఇలాంటి సెంటిమెంట్లు ఎక్కువ కాబట్టి వెతికి వెతికి అదే జాగాలో ఫ్లాట్ కొన్నాడు. సినిమా తెర లాంటిది సెల్లార్‌లో కట్టారు. కార్లన్నీ బయటికి తీసి కుర్చీలు వేశారు. వానాకాలంలో ఆ సెల్లార్‌లో నీళ్ళూరుతాయి, మోటారు పెట్టి తోడిపోస్తారు. బిల్డరు మోసం చేశాడని అందరూ తిడతారు. బిల్డరు చేసిన మోసం ఏమీ లేదు. వాళ్ళు కార్లు పెట్టుకునేది మా తోటబావిలో. ఆ సంగతి గుర్తున్నవాళ్ళం ఆ సాయంత్రం అక్కడ ముగ్గురమే.

ఆ తోటలో బతికిన రోజుల్ని నేను ఎక్కువగా వాసనలతోనే గుర్తుపెట్టుకున్నాను. తెల్లవారుజామున బిస్కెట్ల ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి వస్తే కాలిన చక్కెర వాసన వచ్చేది, ఆకలి రెండింతలయ్యేది. గాలి మళ్ళితే మందుల కంపెనీ వాసన, అన్నం సహించేది కాదు. ద్రాక్షతీగలకు గంధకం చల్లిన రోజు కళ్ళు మండేవి. మా ఊళ్ళో కరువొచ్చి బాపు పట్నం వచ్చి ఫ్యాక్టరీలో చేరాడు. బిస్కెట్ల ఫ్యాక్టరీలో చిన్నమ్మ ప్యాకింగ్ చేసేది. ఆమె ఇంటికొస్తే చీర కొంగులోంచి కూడా వెనీలా వాసన వచ్చేది, నేనూ నర్సింగాడూ ఆ కొంగు పట్టుకుని వాసన చూసేవాళ్ళం. అమ్మకు రోజంతా రెండు పనులు, కట్టెల పొయ్యి ఊదడం, బియ్యం ఏరడం. అప్పటి కంట్రోలు బియ్యంలో బియ్యమెంత ఉండేవో రాళ్ళూ అంతే ఉండేవి. గుమ్మంలో కూర్చుని చాట ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచి, వేలితో ఒక్కో మెరికా పక్కకు నెట్టేది. ఊళ్ళో ముచ్చట్లన్నీ ఆ చాట మీదే నడిచేవి. తల ఎత్తకుండా లోకమంతా చూసేది అమ్మ. ఇప్పుడు బియ్యం సంచిలోంచి నేరుగా కుక్కర్‌లో పడుతున్నాయి. బియ్యం ఏరడమంటే ఏమిటని మా మనవరాలు అడిగితే చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఇక బాపు. మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. షిఫ్టు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, తువ్వాలతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుని, అప్పుడు గాని లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. ఆయనకు నీళ్ళంటే భయం. బావి గట్టెక్కేవాడు కాదు. తొంగి చూస్తే కళ్ళు తిరుగుతాయని చెప్పేవాడు. స్నానానికి నీళ్ళు అమ్మ తోడి పెట్టాలి లేదా నేను తోడి పెట్టాలి. తోటలో వాళ్ళంతా ఆయన్ను ఈ విషయంలో ఆటపట్టించేవాళ్ళు, ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వే నాకు ఇష్టం. తర్వాత వచ్చిన బాపు వేరు.

దీపాలార్పి సినిమా మొదలుపెట్టే ముందు మా తమ్ముడు మైకు పట్టుకున్నాడు. నేననుకున్నట్టే మొదలుపెట్టాడు. "ఫ్రెండ్స్, సముద్రం సంగతి తర్వాత. నేను మొట్టమొదలు మునిగింది ఈడనే. మీరు కూసున్న ఈ జాగలనే. ఇక్కడ ఒక బావి ఉండె. నేను చిన్నపోరణ్ణి. వీపుకు డబ్బా కట్టుకొని ఈత నేర్సుకుంటున్న. డబ్బాకు చిల్లిపడి నీళ్ళు నిండినయ్, బొడబొడ అడుక్కు పోయిన. మా బాపు షిఫ్టు నుంచి అప్పుడే వస్తున్నడు. అంగి గూడ ఇప్పకుంట దునికిండు. అడుగుకు పోయి, నా జుట్టు పట్టి పైకి తెచ్చిండు. మా అక్క ఈడనే ఉన్నది అడగున్రి. ఆ టైముల మా అక్క గుమ్మంల కూసొని బియ్యం ఏరుతున్నది. ఆమెకు ఏం తెల్వనే తెల్వది." జనం నా వైపు తిరిగి నవ్వారు. చప్పట్లు కొట్టారు. మా తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదు. వాడు ఆ మాటను మనసారా నమ్ముతాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. అబద్ధమాడేవాణ్ణి తిట్టొచ్చు, నమ్మేవాణ్ణి ఏం చేస్తాం?

తెర మీద మొదట వచ్చింది కొండ. తెల్లటి సున్నపురాయి కొండ, దాని పాదం దగ్గర నల్లటి బండలు, బండల మధ్య గుండ్రంగా నీలంగా నీళ్ళు. "దీన్ని బ్లూ హోల్ అంటరు. దేవుడు తవ్విన బావి అనుకున్రి," అన్నాడు తమ్ముడు. నిజంగానే బావి. పక్కన పెద్ద సముద్రం ఎగిసిపడుతోంది, ఈ నీళ్ళు మాత్రం కదలడం లేదు. గట్టు మీద వీడు నిలబడి ఉన్నాడు, నల్లటి రబ్బరు బట్టల్లో, బొజ్జ మీద సీసం బరువుల పట్టీతో, వీపున సిలిండర్‌తో. కాళ్ళకు బాతుకాళ్ళ లాంటివి. దిగాడు. కెమెరా వాడి వెంటే దిగింది. రాతిగోడ పక్కనుంచి కిందికి, కిందికి. గోడ మీద ఎర్రగా, పసుప్పచ్చగా ఏవో పెరిగి ఉన్నాయి. కొంత లోతుకు పోయాక గోడలో ఒక పెద్ద కమాను, ఆ కమాను అవతల సముద్రమంతా నీలం. వీడు ఆ కమాను కిందనుంచి బయటికి ఈదుకుంటూ పోయాడు. నోటినుంచి బుడగలు గుంపులు గుంపులుగా పైకి పోతున్నాయి. నాకు ఛాతీ నొప్పిగా అనిపించింది. ఎందుకా అని చూసుకుంటే, వాడు దిగినప్పటినుంచి నేను ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను.

నాకు ఈత ఎవరూ నేర్పలేదు. తోటలో కూలికొచ్చే ఆడవాళ్ళు మధ్యాహ్నం బువ్వ తిన్నాక, మగవాళ్ళు చెట్ల కింద నిద్రపోయే వేళ, బట్టలుతుక్కునే వంకతో బావిలో దిగేవాళ్ళు. చీరలు గోచీలా కాసె పోసి, శబ్దం చేయకుండా ఈదేవాళ్ళు. వాళ్ళతో నేనూ. మొదట మెట్లు పట్టుకుని, తర్వాత వదిలేసి, తర్వాత గట్టు మీదనుంచి దునికి. నేనెప్పుడూ డబ్బా కట్టుకోలేదు. అడుగుకు పోయి మట్టి పిడికిట్లో పట్టుకుని పైకి తెచ్చి చూపిస్తే, "ఇది చేపకు పుట్టింది" అనేవాళ్ళు ఆ ఆడవాళ్ళు. నా జన్మలో నన్ను మెచ్చుకుంటూ ఎవరైనా అన్న మాటల్లో నాకు బాగా నచ్చింది అదే. కింద ఎంత చల్లగా ఉండేదో, చెవుల్లో ఎంత నిశ్శబ్దంగా ఉండేదో ఇప్పటికీ చెప్పగలను. అక్కడ అమ్మ కేకలు లేవు, పొయ్యి పొగ లేదు, నేను ఆడపిల్లనన్న మాట కూడా లేదు.

నర్సింగాడికి ఈత నేను నేర్పాను. వాడు ఒకటో తరగతి. పాత నూనె డబ్బా మూతకు సబ్బు మెత్తి, గుడ్డపేలికతో బిగించి, అమ్మ పాత చీర ముక్కతో వాడి వీపుకు కట్టేదాన్ని. డబ్బా తేల్చుతుంటే వాడు కప్పలా కాళ్ళు కొట్టుకునేవాడు. "అక్కా ఇడువకు, అక్కా ఇడువకు" అని అరిచేవాడు. నేను కడుపు కింద చెయ్యి పెట్టి పట్టుకునేదాన్ని. రోజూ కొంచెం కొంచెం చెయ్యి తీసేదాన్ని, వాడికి తెలియనిచ్చేదాన్ని కాదు. ఆ వేసవిలోనే నేను పెద్దమనిషినయ్యాను. ఇంక బావికి పోవద్దని అమ్మ గట్టిగా చెప్పింది. అయినా పోయేదాన్ని. తమ్ముడికి ఈత వస్తే చాలు, ఆ తర్వాత మానేస్తాననుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆడకూలీలు రాలేదు, బాపు ఫస్టు షిఫ్టులో ఉన్నాడు. ఆయన ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతుంది. ముందురోజు నర్సింగాడు తన డబ్బాను రాళ్ళమీద దొర్లించి ఆడుకున్నాడు, అడుగున సన్నటి చిల్లి పడింది, ఎవరికీ కనపడలేదు. వాడు నడిబావి దాకా బాగానే పోయాడు. నేను మెట్ల మీద కూర్చుని చూస్తున్నాను. ఒక్కసారి వెనక్కి వాలిపోయాడు. అరుపు కూడా లేదు. తేల్చాల్సిన డబ్బా నీళ్ళు నిండి వాణ్ణి కిందికి గుంజుకుపోయింది. నేను దునికాను. మొదటిసారి దొరకలేదు. రెండోసారి అడుగుకు పోయి తడిమితే డబ్బా చేతికి తగిలింది. ముడి విప్పబోతే నానిన గుడ్డ బిగుసుకుపోయి ఉంది. పళ్ళతో పట్టి చింపాను. ఆ నీళ్ళలో, ఆ చీకట్లో, పళ్ళతో. డబ్బా వదిలిపోయింది, వాణ్ణి జుట్టు పట్టుకుని పైకి తెచ్చాను. జుట్టు సంగతి మాత్రం మా తమ్ముడు సరిగ్గానే చెబుతాడు.

గట్టు మీద పడుకోబెట్టి కడుపు నొక్కుతుంటే ఎవరో కేక పెట్టారు, నిద్రపోయేవాళ్ళంతా లేచి వచ్చారు. తోట మనుషులు, మోటారు చూసే ఆయన, రోడ్డు మీద పోయేవాళ్ళు. అందరూ మగవాళ్ళే. వాడు నీళ్ళు కక్కి ఏడ్చేదాకా నేను తల ఎత్తలేదు. ఎత్తి చూస్తే ఒక్కరు కూడా వాడి వైపు చూడటం లేదు. నా లంగా ఒంటికి అతుక్కుపోయి ఉంది, రవికె భుజం దగ్గర చిరిగి ఉంది. ఒకాయన ఏదో అన్నాడు, ఇంకొకాయన నవ్వాడు. అప్పుడు అమ్మ ఉరికొచ్చింది. ముందు కొంగు నా మీద కప్పింది. తర్వాత చెంప పగలగొట్టింది. ఆ తర్వాతే కొడుకును ఎత్తుకుంది. ఆ వరస నేను మరిచిపోలేదు.

ఆ సాయంత్రం బాపు వచ్చాక లోపల తలుపేసుకుని మాట్లాడుకున్నారు. బయటికొచ్చి అమ్మ నాకు చెప్పిన మాటలు ఇవి: "ఇను. పోరణ్ణి మీ బాపు దునికి తీసిండు. నువ్వు బావికాడ లేవు. గుమ్మంల కూసొని బియ్యం ఏరుతున్నవ్. ఎవలడిగినా గదే చెప్పు. రేపు నిన్ను ఒకింటికి పంపాలె. నూరుమంది మొగోళ్ళ నడుమ తడిబట్టల నిలబడ్డ పిల్లను ఎవడు చేసుకుంటడు?" నేను బాపు వైపు చూశాను. ఆయన తువ్వాలతో వేళ్ళ సందులు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తలేదు. చిన్నమ్మ ఒక్కతే, "అక్కా, పిల్ల పానం తెచ్చిందే" అంది. "నువ్వు నోరు మూసుకో," అంది అమ్మ. నెల తిరక్కుండా తోట ఖాళీ చేసి ఉప్పల్‌లో కిరాయికి దిగాం. అక్కడ మమ్మల్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు, అమ్మ చెప్పిన కథే నిజమైంది.

మొదట్లో బాపు ఆ కథ చెప్పేవాడు కాదు. అడిగితే "ఆ, ఏదో" అని తప్పించుకునేవాడు. మెల్లగా అలవాటు పడ్డాడు. ఫ్యాక్టరీలో మర్యాద పెరిగింది కాబోలు. కొన్నేళ్ళకు నీళ్ళెంత చల్లగా ఉన్నాయో చెప్పేవాడు. అడుగున మట్టి కాళ్ళకు ఎలా తగిలిందో చెప్పేవాడు. నేను అన్నం వడ్డిస్తూ వినేదాన్ని. ఒకసారి తానే పళ్ళతో ముడి చింపానని చెప్పాడు. ఆ పళ్ళ ముచ్చట నేను ఆ రాత్రి వెక్కుతూ ఆయనకు ఒక్కడికే చెప్పుకున్నది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఆయన నా వైపు చూసి, "ఇంకింత చారు పొయ్యి బిడ్డా," అన్నాడు. పోశాను. ఆయన పోయినప్పుడు నేను ఏడ్చాను, అందరికంటే ఎక్కువే ఏడ్చాను. అయినా ఆ చారు సంగతి ఆయనతో పాటు కాలిపోలేదు.

నేను మళ్ళీ నీళ్ళలో దిగలేదు. తమ్ముడు దిగాడు. మునిగి బతికినవాడికి నీళ్ళ భయం ఉండకూడదని బాపు తన తోటి పనివాడిని బతిమాలి తమ్ముడికి ఈత పూర్తిగా నేర్పించాడు. వాడు కాలేజీలో ఈత పోటీలకు పోయాడు, కప్పులు తెచ్చాడు. ఆ కప్పులు నేనే తుడిచేదాన్ని. నన్ను అమ్మ అన్నట్టే ఒక ఇంటికి పంపారు. అంబర్‌పేటలో సర్కారు బడిలో తెలుగు చెప్పుకుంటూ రిటైరయ్యాను. బస్సులో పోయేటప్పుడు ఊపిరి బిగబట్టేదాన్ని, ఒక స్టాపు నుంచి ఇంకో స్టాపు దాకా. పక్కన కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు. ఇప్పుడు మా మనవరాలు స్విమ్మింగ్ కోచింగ్‌కు పోతుంది. మోకాళ్ళ దాకా బిగుతు డ్రెస్సు, కళ్ళకు అద్దాలు, నెత్తికి టోపీ. వాళ్ళమ్మ గట్టున కూర్చుని ఫోటోలు తీసి అందరికీ పంపుతుంది. చూస్తే సంతోషమేస్తుంది. మరుక్షణం ఫోన్ బోర్లా పెట్టేస్తాను. రోజులు మారాయని అందరూ అంటారు. మారాయి. నా రోజులు నాకెవరూ తిరిగివ్వలేదు.

తెర మీద దీవి చుట్టూ తిరుగుతున్నాం. ఒకచోట కొండకు సొరంగం ఉంది, ఇవతల చెరువులా నీళ్ళు, సొరంగంలోంచి పోతే సముద్రం. ఒకచోట సముద్రం మీద పెద్ద రాతి దర్వాజా ఉండేదట, తుఫానుకు కూలిపోయిందట. ఇప్పుడు ఆ బండలు నీళ్ళ కింద పడి ఉన్నాయి, వాటి చుట్టూ ఈదడానికి దేశదేశాల మనుషులు వస్తారట. ఇంకోచోట ఓడ. ఇసుకలో నిటారుగా నిలబడి ఉంది, మెట్లు, కిటికీలు, అన్నీ అలాగే. "నన్ను గంత లోతుకు తీస్కపోలేదు, ఇది మా గురువు తీసిన వీడియో," అన్నాడు తమ్ముడు. "ఈ ఓడ యాక్సిడెంటయి మునగలేదు. కావాలనే ముంచిన్రు. మునిగినంకనే దీనికి విలువొచ్చింది." జనం ఆశ్చర్యపోయారు. నేనేం ఆశ్చర్యపోలేదు. చేపలు ఆ కిటికీల్లోంచి లోపలికీ బయటికీ తిరుగుతున్నాయి, వాటికి అది తమ ఇల్లే.

అప్పుడే మళ్ళీ వాడి ఫోటో వచ్చింది, వీపున సిలిండర్‌తో. అప్పటిదాకా కునుకుతున్న చిన్నమ్మ కళ్ళు నులుముకుని చూసింది. చెవిటివాళ్ళ గొంతు పెద్దది కదా, సెల్లారంతా మోగేలా అడిగింది: "ఏందిరా నర్సిం, గింత పెద్దోనివయినవ్, ఇంకా డబ్బా కట్టుకొనే ఈదుతున్నవా?" అందరూ పగలబడి నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. "చిన్నమ్మా, గది తేల్చే డబ్బా కాదు. గాలి డబ్బా. మునిగెటందుకు," అన్నాడు. చిన్నమ్మ ఊరుకోలేదు. "డబ్బా ఏదయితేంది. మీ అక్క ఉత్తగనే దునికేది. నిన్ను తీసిన నాడు ఏ డబ్బా కట్టుకున్నది?"

నవ్వు ఆగింది. "అక్క కాదు చిన్నమ్మా, బాపు," అన్నాడు తమ్ముడు. "మీ బాపు బావిల తొంగి గూడ సూడకపోయేది, కండ్లు తిరుగుతయని. గాయన దునుకుడేందిరా," అంది చిన్నమ్మ. తమ్ముడు అందరి వైపూ తిరిగి, "మా చిన్నమ్మకు వయసు మీద పడ్డది, అన్నీ కలుపుతది," అని, నా వైపు మైకు చాపాడు. "అక్కా, నువ్వు చెప్పు. బాపు దునికిండా లేదా?"

ఇన్నేళ్ళలో నన్ను ఎవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అడుగుతారని నేను ఎన్నిసార్లు అనుకున్నానో, ఎంత అందంగా జవాబు చెప్పాలని వంటింట్లో ఒంటరిగా అనుకున్నానో. తీరా మైకు మూతి ముందుకొస్తే ఆ అందమైన మాటలేవీ రాలేదు. "బాపుకు ఈత రాదు. ఫస్టు షిఫ్టుల ఉన్నడు. నేను దునికిన," అన్నాను. నా గొంతు స్పీకర్లలోంచి తిరిగి నాకే వినిపించింది.

తమ్ముడు నా వైపు తిరిగాడు. వాడి మొహంలో కోపం లేదు, చిన్నప్పుడు నేను చెయ్యి తీసేసినప్పుడు ఉండే భయమే ఉంది. "అక్కా," అన్నాడు మెల్లగా, "నువ్వు బియ్యం ఏరుతున్నవ్ గదా." "లేదురా," అన్నాను. మైకు కిందికి దించి, నాకు మాత్రమే వినపడేటట్టు, "బాపు లేడు గదక్కా. గిందరిల ఆయనను అబద్ధాలకోరును జేస్తవా?" అన్నాడు. ఆ ఇంట్లో అబద్ధాలకోరు ఒకరే అయితే ఎంత బాగుండేదో. వాడు చేతిలో బటన్ నొక్కాడు. తెర మీదికి చేపల గుంపు వచ్చింది, వెండి రంగు చేపలు, రొట్టె ముక్కల కోసం కెమెరా మీద పడుతున్నాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. చప్పట్లయ్యాక విజయ సమోసాలు పంచింది. ఒకావిడ నా పక్కకొచ్చి, "పోనీలెండి ఆంటీ, ఎవరు తీస్తేనేం, సార్ బతికారు, అది చాలు," అంది. అవును, చాలు అన్నాను. ఆటోలో చిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, "నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని అడిగింది. లేదన్నాను. ఇల్లు చేరేదాకా చెయ్యి వదల్లేదు.

మూడో నాడో నాలుగో నాడో తమ్ముడు ఫోన్ చేశాడు. చాలాసేపు ఆరోగ్యం సంగతి, వానల సంగతి మాట్లాడాడు. చివరికి, "నువ్వు చెప్పింది నిజమే గావచ్చక్కా. ఆలోచించిన. చిన్నప్పుడు నీళ్ళల్ల కడుపు కింద ఒక చెయ్యి ఉండేది, గది యాదికొస్తది. గది బాపు చెయ్యి అనుకున్న ఇన్ని రోజులు," అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చాలురా, ఇంతకంటే నాకేం వద్దు అనబోయాను. వాడు ఆగలేదు. "గని ఆ ఫంక్షన్ వీడియో రేపు గ్రూపులల్ల పెడుతున్నరు. మస్తుమంది సూస్తరు. ఆ ముక్క తీసేయమన్న. నీకేం ఫికర్ లేదు గదా?" నాకేం ఫికర్ లేదన్నాను.

వీడియో వచ్చింది. బాగుంది. తమ్ముడి మాటల్లో బాపు దునుకుతాడు, జుట్టు పట్టి పైకి తెస్తాడు, చప్పట్లు మోగుతాయి, ఆ వెంటనే నీలం రంగు గుండ్రటి బావి తెరుచుకుంటుంది. చిన్నమ్మ డబ్బా మాట ఉంచారు, నవ్వు కోసం. ఆ తర్వాత మాట లేదు. అందరూ కింద బొటనవేళ్ళు ఎత్తారు. నీళ్ళలో బొటనవేలు ఎత్తితే బాగుందని కాదు, ఇక పైకి పోదామని అర్థమట, తమ్ముడే ఆ రోజు చెప్పాడు. నేనూ ఒక వేలు ఎత్తాను. వీడియో చివర్లో, చేపలు వచ్చినప్పుడు, కెమెరా ఒకసారి జనం మీదుగా తిరుగుతుంది. రెండో వరుసలో నేనున్నాను. అందరూ తెరను చూస్తున్నారు. నేను మాత్రం మెడ వంచి ఒళ్ళోకి చూసుకుంటున్నాను, వేళ్ళు కొంగు అంచు మీద కదులుతున్నాయి. తెలియనివాళ్ళు చూస్తే ఆమె బియ్యం ఏరుతోందనే అనుకుంటారు.